పెరటి మొక్కలతో పిల్లలకు ఇండోనేషియా భాష, సంస్కృతి: మొదటి పన్నెండు వారాల మార్గదర్శి

ఈ పాఠాలు 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు. ఉద్యోగరీత్యా జకార్తాకో సురబయాకో కుటుంబంతో వెళ్తున్న తల్లిదండ్రులు, బడిలో మరో ఆసియా భాషను పరిచయం చేయాలనుకునే ఉపాధ్యాయులు వాడుకోవచ్చు. వారానికి మూడు పాఠాలు, ఒక్కొక్కటి 20 నుంచి 25 నిమిషాలు. అంతకు మించితే ఆరేళ్ల పిల్లలు నిలవరు.

మునగ, మల్లె, చింత, అరటి, తమలపాకు, పసుపు జావాలోనూ ఇంటి పక్కనే పెరుగుతాయి. పిల్లలకు వస్తువు ముందే తెలుసు కాబట్టి కొత్తగా పట్టుకోవాల్సింది మాట ఒక్కటే. అందుకే డురియన్, రాంబుతాన్ లాంటి బొమ్మల్లో మాత్రమే కనిపించే పండ్లతో మొదలుపెట్టడం మాకు నచ్చదు. ముక్కుకూ నాలుకకూ తగలని మాట వారం తిరక్కముందే జారిపోతుంది.

ముందు పెద్దవాళ్లు సరిచేసుకోవాల్సిన ఉచ్చారణ

మన వర్ణమాలలో నేర్చుకుని వాడకుండా వదిలేసే ఙ, ఞ ఈ భాషలో అడుగడుగునా వస్తాయి. పువ్వు 'బూఙ'. దీన్ని 'బూంగ' అనకూడదు, మధ్యలో 'గ' వినపడకూడదు. మామిడి 'మంగ్గ'లో మాత్రం 'గ' గట్టిగా పలుకుతుంది. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పదిసార్లు పలికిస్తే తేడా కుదురుతుంది. పసుపు 'కూఞిత్'. మాట మొదట్లోనూ ఈ అక్షరాలు వస్తాయి, అక్కడ పిల్లలకు ఇంకాస్త సమయం పడుతుంది.

రెండో చిక్కు మాట చివర. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన పిల్లలు 'కూఞితు', 'దావును' అంటారు. 'కూఞిత్' అన్నాక నాలుక పళ్ల వెనకే ఆగిపోవాలి, గాలి బయటికి రాకూడదు. నోటి ముందు సన్నని కాగితం ముక్క పట్టుకుని, అది కదలకుండా చెప్పించండి. చివరి 'క్'ను గొంతులోనే తుంచేయాలి.

మూడోది, తెలుగు లిపికి అందని ఒక చిన్న అచ్చు. ఈ వ్యాసంలో ఇండోనేషియా మాటల్లో హ్రస్వ 'ఎ' ఉన్నచోట (కెలాప, కెచిల్, సెపత్) నోరు సగం తెరిచి మింగేసినట్టు పలకాలి. దీర్ఘ 'ఏ' ఉన్నచోట (కేలొర్, మేరహ్) స్పష్టంగా పలకాలి. ఖ, ఘ, భ లాంటి వత్తక్షరాల బాధ లేదు. 'భాష' అక్కడికి వెళ్లి 'బహాస' అయింది.

మొక్కల ఎంపిక

ఎనిమిది మొక్కలు చాలు. 10 నుంచి 12 అంగుళాల కుండీలు తీసుకుని తోటమట్టి రెండు పాళ్లు, కంపోస్టు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపండి. మట్టి 'తానహ్', నీళ్లు 'ఆయిర్'. రెండూ కలిపి 'తానహ్ ఆయిర్' అంటే ఇండోనేషియావాళ్లకు మాతృభూమి. చేతులు మట్టిలో ఉన్నప్పుడే ఈ మాట చెప్పేయండి.

మొదటి వారంలోనే ఫలితం కనిపించే మొక్క ఒకటి ఉండాలి. నిమ్మగడ్డి (సెరై) దానికి సరిపోతుంది. అడుగు గడ్డ తెగని కాడలు నాలుగు కొని, గాజు గ్లాసులో 3–4 సెంటీమీటర్ల నీళ్లలో నిలబెట్టండి. పది పన్నెండు రోజుల్లో వేర్లు కనిపిస్తాయి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చకపోతే కాడ కుళ్లుతుంది, దోమలు గుడ్లు పెడతాయి.

తర్వాత తూటికూర (కంకుఙ్). విత్తనాలు రాత్రంతా నానబెట్టి 1–2 సెంటీమీటర్ల లోతులో వేస్తే నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి, నెల లోపు కోతకు వస్తాయి. ఇండోనేషియా ఇళ్లలో వెల్లుల్లి, మిరప వేసి గబగబా వేయించే రోజువారీ కూర ఇది. కాలువ గట్ల మీద పెరిగే తూటికాడ వేరే మొక్క, విషం. రెంటి పూలూ దగ్గరగా ఉంటాయి కాబట్టి విత్తనం కొనే పెంచండి, గట్ల నుంచి కోసి తేవద్దు.

పసుపు, అల్లం (జాహే) రెండు మూడు మొగ్గలున్న ముక్కలుగా 5 సెంటీమీటర్ల లోతులో పాతండి. మొలకకు మూడు నాలుగు వారాలు, దుంపకు ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. పాఠాలకు కావాల్సిన దుంపలు బజారులో కొనుక్కోండి. కుండీలోది ఆకు వాసన చూడటానికే. మల్లె (మెలాతి), తమలపాకు తీగ (సీరిహ్), కలబంద, అత్తిపత్తి కలిపితే ఎనిమిదీ పూర్తయ్యాయి. అరటి, కొబ్బరి, మునగ వీధిలోనే దొరుకుతాయి.

'పాందన్' ఆకు దొరికితే తొమ్మిదో కుండీ పెట్టండి. బాస్మతి బియ్యానికి సువాసననిచ్చే పదార్థమే ఇందులోనూ ఉంది, వాసన చూడగానే పిల్లలు పోల్చుకుంటారు. మన మొగలి దీనికి చుట్టమే గాని అంచున ముళ్లుంటాయి, ఆకుకు ఈ వాసన ఉండదు. నర్సరీలో మొగలి అంటగడితే వెనక్కివ్వండి.

ఉమ్మెత్త, గన్నేరు, రంగురంగుల ఆకుల కేలేడియం పాఠం జరిగే చోట ఉండకూడదు. ఈ పాఠాల్లో ఆకులు నలిపి వాసన చూస్తారు, రుచి చూస్తారు కాబట్టి ఇది కచ్చితంగా పాటించాలి.

1, 2 వారాలు: చెట్టు భాగాలు, ఇది, అది

మాటలు ఏడే: పోహొన్ (చెట్టు), ఆకర్ (వేరు), బాతఙ్ (కాండం), దావున్ (ఆకు), బూఙ (పువ్వు), బూవహ్ (కాయ, పండు), బీజి (గింజ). చివరిది మన బీజమే, పిల్లలు వెంటనే పట్టేస్తారు.

'ఈని' అంటే ఇది, 'ఈతు' అంటే అది. 'ఈని దావున్' అంటే 'ఇది ఆకు'. తెలుగులో లాగే మధ్యలో ఇంకే మాటా అక్కర్లేదు. అయితే మన చెవికి 'ఇ' అంటే దగ్గర, 'అ' అంటే దూరం, పైగా 'ఇటు' అనే మాట ఒకటుంది. అందువల్ల 'ఈతు' వినగానే పిల్లలు దగ్గరి వస్తువునే చూపిస్తారు. ఇది రెండు వారాల దాకా పోదు. మాట చెప్పిన ప్రతిసారీ చేతి సైగ ఉండాలి: 'ఈని'కి వస్తువును తాకాలి, 'ఈతు'కు చెయ్యి పూర్తిగా చాపాలి.

కాదనడానికి రెండు మాటలున్నాయి. పేరు కాదనాలంటే 'బూకన్': ఈని బూకన్ జాహే, ఇది అల్లం కాదు. గుణం లేదనాలంటే 'తీదక్': దావున్ ఈని తీదక్ పాహిత్, ఈ ఆకు చేదుగా లేదు. మనకూ 'కాదు', 'లేదు' వేరు కాబట్టి తెలుగులో ఒకసారి చెప్పించి మొదలుపెడితే వ్యాకరణం వివరించే పని తప్పుతుంది. గుడ్డ సంచిలో అల్లం, పసుపు కొమ్ము, వెల్లుల్లి వేసి, కళ్లు మూసి తాకి చెప్పే ఆట ఆడించండి.

3, 4 వారాలు: వరుస తిరగేయడం

మొత్తం పన్నెండు వారాల్లో గట్టి పాఠం ఇదే. మనం 'అరటి ఆకు' అంటాం. వాళ్లు 'దావున్ పీసఙ్' అంటారు: ముందు ఆకు, తర్వాత అరటి. రంగు, పరిమాణం కూడా వెనకే వస్తాయి: బూఙ మేరహ్, ఎర్ర పువ్వు, దావున్ కెచిల్, చిన్న ఆకు. పిల్లలు 'పీసఙ్ దావున్' అంటారు, అది సహజం. తప్పని ఆపకండి. మీరు సరైన వరుసలో తిరిగి చెప్పి ముందుకు సాగండి.

నేల మీద సుద్దముక్కతో రెండు గళ్లు గీయండి. మొదటి గడిలో భాగం (నిజమైన ఆకు, పువ్వు, తొక్క), రెండో గడిలో మొక్క గుర్తు పెట్టించండి. పిల్లలు ఎడమ గడి నుంచి కుడి గడికి గెంతుతూ పేరు చెప్పాలి. రాయించి నేర్పితే రాతలో సరిగ్గా ఉండి నోట్లో తిరగబడుతుంది. గెంతితే నోటికే వస్తుంది.

ఈ వరుసకు మంచి సాధన మొక్కల పేర్లలోనే ఉంది. కలబంద 'లీదహ్ బువాయ': నాలుక, మొసలి. మందారం 'కెంబఙ్ సెపాతు': పువ్వు, బూటు. కాగితప్పూల చెట్టు 'బూఙ కెర్తస్': పువ్వు, కాగితం. పిల్లి మీసాల మొక్క 'కూమిస్ కూచిఙ్': మీసాలు, పిల్లి. అత్తిపత్తి 'పుత్రి మాలు', సిగ్గుపడే రాకుమారి. ముట్టుకుని ముడుచుకోగానే పేరు చెప్పించండి, ఈ పేరు ఏ పిల్లా మరిచిపోదు. ఆ తర్వాత పెరట్లో మొక్కలకు పిల్లలే కొత్త పేర్లు పెట్టాలి, కానీ వరుస మాత్రం ఇండోనేషియాదే.

పనిలో పనిగా ఆ దేశపు జాతీయ పుష్పాలను పరిచయం చేయండి. 1993లో మూడింటిని ప్రకటించారు: తెల్ల మల్లె, చంద్రుడిలాంటి ఆర్కిడ్, సుమత్రా అడవుల్లో పూసే రఫ్లీషియా. మూడోదాని స్థానిక పేరు 'పద్మ రాక్సాస'. ఆ పువ్వు మీటరు దాకా విచ్చుకోగలదు. మీటరు వెడల్పున తాడుతో వలయం వేసి, మధ్యలో ఒక మల్లెపువ్వు పెట్టి 'బెసర్' (పెద్ద), 'కెచిల్' (చిన్న) చెప్పించండి.

5వ వారం: ఆరు రుచులు

ఉగాది పచ్చడి తిన్న పిల్లలకు ఈ పాఠం సగం వచ్చినట్టే. ఇండోనేషియాలో ఆరింటికీ విడి మాటలున్నాయి: మానిస్ (తీపి), ఆసమ్ (పులుపు), ఆసిన్ (ఉప్పదనం), పాహిత్ (చేదు), పెదస్ (కారం), సెపత్ (వగరు). 'రాస' అంటే రుచి. ఆరు చెంచాల్లో తాటిబెల్లం, చింతపండు, ఉప్పు, కాకర ముక్క, మిరియపు పొడి, పచ్చి అరటికాయ తొక్క గీరు కొంచెం కొంచెం ఉంచండి. పచ్చిమిర్చి వద్దు. చేత్తో ముట్టి కళ్లు నలుపుకుంటే ఆరోజు పాఠం అక్కడితో సరి.

ఇక్కడ ఒక మాట దగ్గర జాగ్రత్త. ఉప్పును 'గారమ్' అంటారు. చెవికి మన కారంలా, హిందీ గరంలా వినిపిస్తుంది. మిరియాల చెంచా, ఉప్పు చెంచా పక్కపక్కన పెట్టి ఈ రెంటినీ విడిగా సాధన చేయించండి. చింతపండు 'ఆసమ్ జావ', అంటే జావా పులుపు. 'జాంబు' వినగానే నేరేడనుకోవద్దు. జాంబు బీజి జామ, జాంబు మేతే జీడిమామిడి. 'పాల' అంటే జాజికాయ, సంస్కృత ఫలం నుంచి వచ్చిన మాట. సంస్కృతం నుంచి వెళ్లిన మాటలు వందల్లో ఉన్నా అర్థం అక్కడ కొంత మారి ఉండవచ్చని పెద్ద పిల్లలకు ముందే చెప్పండి.

6, 7 వారాలు: లెక్క, నీళ్లు పోయడం, మర్యాద

ఒకటి నుంచి పది: సాతు, దూవ, తీగ, ఎంపత్, లీమ, ఎనమ్, తూజుహ్, దెలాపన్, సెంబీలన్, సెపూలుహ్. వీటిని వేరుగా వల్లె వేయించకండి. ఇండోనేషియాలో లెక్కతో పాటు వస్తువు రూపం చెప్పే మాట వస్తుంది, అదీ మొక్కల దగ్గరే బాగా తెలుస్తుంది. 'సె' అంటే ఒకటి. ఆకు పల్చన కాబట్టి 'సెహెలై దావున్'. చెట్టు నిలువు కాబట్టి 'సెబాతఙ్ పోహొన్'. పువ్వుకు కాడను లెక్కిస్తారు, 'సెతంకై బూఙ'. అల్లం కణుపు 'సెరూవస్ జాహే'. అరటి గెల 'సెతాందన్ పీసఙ్', అందులో ఒక అత్తం 'సెసీసిర్ పీసఙ్'. 'సీసిర్' అంటే దువ్వెన. అత్తాన్ని బోర్లించి చూపిస్తే ఎందుకో పిల్లలకే అర్థమవుతుంది.

వరి, బియ్యం, అన్నం మనకు మూడు మాటలు. వాళ్లకూ అంతే: పాది, బెరస్, నాసి. మూడూ గిన్నెల్లో పెట్టి చూపించండి. వడ్లు ఒక రోజు నానబెట్టి తడిగుడ్డలో కడితే మొలకలొస్తాయి, ఆ మొలకలు మూడో రోజు పాఠానికి వాడుకోవచ్చు. జావాలో, బాలిలో వరికి అధిదేవత దేవి శ్రీ.

నీళ్లు పోసే వేళ ఆజ్ఞార్థకాలు నేర్పండి: సీరమ్ (పొయ్యి), పెతిక్ (కొయ్యి), చీయుమ్ (వాసన చూడు). పెద్దవాళ్లకైతే ముందు 'తోలొఙ్' (దయచేసి) ఉండాలి. 'మనం' కీత, 'మేము' కామి. ఈ తేడా తెలుగు పిల్లలకు పుట్టుకతో ఉంది, కొన్ని భాషలవాళ్లు ఏళ్ల తరబడి తడబడే చోట మనవాళ్లు తడబడరు. పెద్దలను 'కాము' (నువ్వు) అనకూడదు. మగవారిని 'పాక్', ఆడవారిని 'బూ', తమకంటే కాస్త పెద్దవాళ్లను 'కాక్' అనాలి. జావాలో 'మాస్' (అన్న), 'మ్బాక్' (అక్క) కూడా వింటారు. ఏదైనా ఇచ్చినా తీసుకున్నా కుడిచేత్తోనే.

8 నుంచి 10 వారాలు: చేత్తో చేసే పనులు

పసుపు, చింతపండు పానీయం, 'కూఞిత్ ఆసమ్'. ఇది 'జాము' అనే మూలికా పానీయాల కోవకు చెందింది. జావా మహిళలు వీపున బుట్టలో సీసాలు మోసుకుంటూ అమ్మిన ఈ జాము సంప్రదాయాన్ని యునెస్కో 2023లో గుర్తించింది. నలుగురైదుగురికి పచ్చి పసుపు కొమ్ములు 100 గ్రాములు, చింతపండు 40 గ్రాములు, తాటిబెల్లం 75 గ్రాములు, నీళ్లు ముప్పావు లీటరు, చిటికెడు ఉప్పు. అక్కడ కొబ్బరి లేదా 'ఆరేన్' తాటి జాతి చెట్టు కల్లుతో చేసిన బెల్లం వాడతారు, మన తాటిబెల్లం దానికి దగ్గర. పసుపు కడిగి చక్రాలుగా కోసి, ఒక గ్లాసు నీళ్లతో రుబ్బి వడకట్టండి. మిగతా నీళ్లలో చింతపండు, బెల్లం వేసి పది నిమిషాలు మరిగించి, పసుపు రసం కలిపి ఒక పొంగు రాగానే దించండి. చల్లారాక పైతేట వడకట్టాలి, అడుగున తేరిన పిండి తాగితే గొంతు పట్టుకుంటుంది. పసుపు పొడితో చేస్తే చేదు, ఇసుకలా ఉంటుంది. పిల్లలకు కాఫీ గ్లాసులో సగం చాలు. బట్టల మీది మరక ఉతికి ఎండలో వేస్తే వెలుస్తుంది.

'కెతూపత్' కాస్త కష్టం, ఎనిమిదేళ్లు దాటినవాళ్లకే. లేత కొబ్బరాకుతో అల్లిన గూటిలో బియ్యం వండే ఈ పదార్థం లేకుండా అక్కడ రంజాన్ పండుగ (లెబారన్) జరగదు. పండుగ రోజు చిన్నవాళ్లు పెద్దల చెయ్యి పట్టుకుని 'మోహొన్ మాఅఫ్ లాహిర్ దాన్ బాతిన్' అని తెలిసీ తెలియక చేసిన తప్పులకు క్షమాపణ అడుగుతారు. రెండు ఆకులు, ఒక్కొక్కటి 2 సెంటీమీటర్ల వెడల్పు, 60–70 సెంటీమీటర్ల పొడవు ఉండాలి, ఈనె తీసేయాలి. మొదట రెండు రంగుల కాగితపు పట్టీలతో నేర్పండి. ఒక పట్టీని ఎడమ అరచేతికి, ఇంకోదాన్ని కుడి అరచేతికి మూడేసి చుట్లు చుట్టి, ఒకదాని చుట్లలోంచి రెండోదాన్ని పైకీ కిందికీ మార్చి మార్చి పోనివ్వాలి. ముదురాకు చీలుతుంది, ఎండినాకు విరుగుతుంది. మొవ్వు దగ్గరి లేతపసుపు ఆకే వాడండి.

కడిగిన బియ్యం గూటిలో సగం దాకా పోయండి. ఎక్కువ పోస్తే ఉబ్బడానికి చోటు లేక లోపల పలుకుగా మిగులుతుంది, తక్కువైతే ముద్దగా జారుతుంది. నాలుగైదు గంటలు ఉడకాలి, నీళ్లు ఎప్పుడూ గూళ్లను ముంచి ఉండాలి. దించాక వేలాడదీసి నీళ్లు ఓడిస్తే గట్టిపడుతుంది. ఇంత ఓపిక లేనివాళ్లు అల్లికతో ఆపేయండి, భాష పాఠం అల్లికలోనే జరిగిపోతుంది.

బాలిలో రోజూ పెట్టే 'చానఙ్ సారి' నైవేద్యం గురించి చెప్పేటప్పుడు అది పూజాద్రవ్యమని గుర్తుండాలి. కొబ్బరాకు తట్టలో తూర్పున తెలుపు, దక్షిణాన ఎరుపు, పడమట పసుపు, ఉత్తరాన నీలం లేదా ఆకుపచ్చ పూలు పెట్టి, పైన సన్నగా తరిగిన పాందన్ చల్లుతారు. రంగులు, దిక్కులు బొమ్మ గీయించి నేర్పండి. బడి ప్రదర్శన కోసం నైవేద్యాన్నే తయారుచేయించడం మాకు సబబు అనిపించదు.

తాంబూలం సంగతి తేలిక. జావా పెళ్లిలో వధూవరులు ఎదురెదురుగా నిలబడి తమలపాకు చుట్టలు ఒకరి మీదికి ఒకరు విసురుకుంటారు. తలంబ్రాలు చూసిన పిల్లలకు ఇంకేం చెప్పాలి!

11, 12 వారాలు: సామెతలు, సుగంధ ద్వీపాలు

తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు మూడు సామెతలు ఇవ్వండి. 'దూనియ తాక్ సెలేబర్ దావున్ కేలొర్': లోకం మునగాకంత వెడల్పే కాదు, అంటే ఒక దారి మూసుకుపోతే ఇంకోటుంటుంది. మునగ రెమ్మలోంచి ఒక చిరు ఆకు తెంపి అరచేతిలో పెట్టి చెప్పాలి. 'బాగై పీనఙ్ దిబెలహ్ దూవ': రెండుగా చీల్చిన వక్కలా, అచ్చు ఒకేలా ఉన్నవాళ్ల గురించి. 'ఆసమ్ ది గూనుఙ్, గారమ్ ది లావుత్, బెర్తెమూ దాలమ్ బెలాఙ': పులుపు కొండమీద, ఉప్పు సముద్రంలో, కలిసేది కుండలో. మన అడవిలో ఉసిరికాయ, సముద్రంలో ఉప్పు సామెత చెప్పాక దీన్ని చెబితే వివరణ అక్కర్లేదు.

తర్వాత పటం. లవంగం (చెంకేహ్) ఒకప్పుడు తెర్నాతే, తిదోరే చుట్టుపక్కల ఉత్తర మలుకు దీవుల్లోనే, జాజికాయ బందా దీవుల్లోనే దొరికేవి. వాటికోసం 1621లో డచ్చి కంపెనీ బందా దీవులను ఆక్రమించి అక్కడి ప్రజలను ఊచకోత కోసింది. పదేళ్ల పిల్లలకు ఈ సంగతి దాచకుండా, వర్ణనలు లేకుండా చెప్పాలి. ఆ వర్తకంలో మనకూ పాత్ర ఉంది. సుగంధ ద్రవ్యాలకు బదులుగా దీవులవాళ్లు కోరుకున్నది కోరమండల్ తీరపు బట్ట, అందులో మచిలీపట్నం రేవు నుంచి వెళ్లినదీ ఉంది. పటం మీద మచిలీపట్నం నుంచి బందా దాకా దారం పరిచి, దారి పొడుగునా లవంగాలు, జాజికాయ పెట్టించండి.

జకార్తాలో ఉన్నవాళ్లు లోకల్ రైలెక్కి బోగొర్ వెళ్లాలి. 1817లో మొదలైన అక్కడి వృక్షోద్యానంలో ఒక పూట గడిపించండి. పిల్ల చేతిలో పది గళ్ల కాగితం ఉండాలి: ఒక్కో గడిలో ఒక భాగం పేరు, ఒక గుణం.

పరీక్ష పెట్టకండి. పన్నెండో వారం చివర పిల్లే ఇంటికొచ్చిన చుట్టానికి తోట చూపించాలి, ఒక్కో మొక్క దగ్గర రెండు వాక్యాలు. ఎనిమిది మొక్కల్లో ఐదింటి దగ్గర వరుస సరిగ్గా వస్తే క్రియల పాఠాలకు వెళ్లొచ్చు. అంతకన్నా తక్కువైతే మూడో వారం గళ్ల ఆట ఇంకో పది రోజులు ఆడించాలి, కొత్త మాటలు మాత్రం కలపకూడదు.